31–0 లాంటి మ్యాచ్‌లు అసలెందుకు ఆడిస్తారు?

గంటస్తంభం కుర్రోడు | విజయనగరం
19 నవంబర్ 2025, ఉదయం 9.20

రాత్రి ఢాకాలో ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు బంగ్లాదేశ్ మీద 1–0తో ఓడిపోయారు. ర్యాంకుల్లో మనం 136, వాళ్ళు 183. వాళ్ళ చేతిలో ఓడి 22 ఏళ్ళయిందట, ఆ ముచ్చటా తీరిపోయింది. ఆ చిరాకుతో నిద్ర పట్టక పొద్దున్నే లేచి జమైకా–కురసావో మ్యాచ్ పెట్టాను. జమైకావాళ్ళు కొట్టిన బంతి మూడుసార్లు పోస్టుకి తగిలింది. ఆఖర్లో ఇచ్చిన పెనాల్టీ కూడా వీడియో చూసి వెనక్కి తీసుకున్నారు. 0–0. కురసావో వరల్డ్ కప్‌కి వెళ్ళిపోయింది! లక్షన్నర మంది ఉండే దీవి అది. 2011 లెక్కల్లో మన విజయనగరం ఒక్కటే 2.28 లక్షలు.

ఇది మా మావయ్యకి చెబితే టీ కొట్టు దగ్గర అందరి ముందూ క్లాసు పీకాడు. "నూటికో కోటికో ఒకటి అలా జరుగుతుంది. మిగతావన్నీ ఊచకోతలే. మొన్న అక్టోబర్‌లో ఆస్ట్రియా చిట్టి దేశం శాన్ మారినో మీద 10 కొట్టింది. అది ఆటా? చిన్నవాళ్ళకి వేరే పోటీ పెట్టుకోవాలి గాని, పులి ముందు మేకని కట్టడం దేనికి?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను. సగం నాకూ నిజమే అనిపించింది. మీరేమంటారు?

పలాస జీడిపప్పు
ఉదయం 9.34

ఏటి బావూ, ముందు మనం పులో మేకో తేల్చండి. రాత్రి నుంచీ నాకు అదే డౌటు.

నాగావళి ఒడ్డు | శ్రీకాకుళం
ఉదయం 10.05

మావయ్య గారి వాదన పాతదే. 2001లో ప్రపంచమంతా అదే అంది. ఆ ఏడాది ఏప్రిల్ 11న ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్‌లో ఆస్ట్రేలియా 31, పసిఫిక్‌లోని చిన్న దీవులు అమెరికన్ సమోవా 0. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో ఇప్పటికీ అదే రికార్డు. రెండు రోజుల ముందు టోంగా మీద 22–0 కొట్టి, అదే ఊపులో ఇది. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 గోల్స్, డేవిడ్ జ్డ్రిలిక్ 8. హాఫ్ టైమ్‌కే 16.

కానీ ఆ రోజు గ్రౌండులో దిగినవాళ్ళెవరో చూస్తే నవ్వు రాదు. పాస్‌పోర్టుల తకరారు వచ్చి అసలు జట్టులోని 20 మందిలో ఒక్క గోలీ నికీ సలాపు తప్ప ఎవరూ ఆడడానికి పనికిరారన్నారు. సరే, అండర్–20 కుర్రాళ్ళని పంపుదామంటే వాళ్ళకి హైస్కూల్ పరీక్షలు. దొరికిన పిల్లల్ని పోగు చేసుకుని వెళ్ళారు. 15 ఏళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి గోల్ పడడానికి పది నిమిషాలు పట్టిందంటే, నా ఉద్దేశంలో అదే ఆ రోజు పెద్ద విశేషం.

ఇంకో సంగతి. స్కోరు బోర్డు మీద 32 అని పడింది. గోల్స్ లెక్కపెట్టేవాళ్ళకే లెక్క తప్పింది! తర్వాత రిఫరీ కాగితం చూసి 31 అని తేల్చారు.

గంటస్తంభం కుర్రోడు
ఉదయం 10.20

అంటే మావయ్య మాటే రైటు కదా సార్? పరీక్షలు రాసుకునే పిల్లల్ని తీసుకొచ్చి 31 కొట్టించుకోవడం దేనికి?

నాగావళి ఒడ్డు
ఉదయం 11.10

అందుకే తర్వాత్తర్వాత అక్కడ, అంటే పసిఫిక్ దీవుల ఓషియానియా సమాఖ్యలో, చిన్న జట్లకి ముందు ఒక రౌండు పెట్టారు. అందులో గెలిచినవాళ్ళే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తారు. ఆస్ట్రేలియా కూడా 2006లో మన ఆసియా సమాఖ్యలోకి వచ్చేసింది, అక్కడ ఎదురు నిలిచేవాళ్ళు లేక. ఆసియాలోనూ ఈ పద్ధతి ఉంది. మనమే 2015లో కింది రౌండులో నేపాల్‌తో ఆడి (2–0, 0–0) పైకి వచ్చాం.

అలాగని కింది రౌండులోనే ఉంచేస్తే ఏమయ్యేదో చూడండి. 2000లో ఇరాన్ తబ్రీజ్‌లో గువామ్ మీద 19–0 కొట్టింది. అప్పుడూ ఇదే గోల, గువామ్ లాంటి చిన్న దీవికి ఫుట్‌బాల్ ఎందుకని. పదిహేనేళ్ళు తిరక్కుండా 2015 జూన్‌లో అదే గువామ్ వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో ఒక జట్టుని 2–1తో ఓడించింది. ఆ జట్టు పేరు చెప్పమంటారా?

పలాస జీడిపప్పు
ఉదయం 11.14

వద్దు సార్. పొద్దున్న తిన్న ఉప్మా అరగలేదింకా.

నాగావళి ఒడ్డు
ఉదయం 11.22

మనమే. నవంబర్‌లో బెంగళూరులో 1–0తో బదులు తీర్చుకున్నాం గాని, ఆ మరక పోలేదు.

భూటాన్‌ది ఇంకా చిత్రం. 2015 మార్చిలో ఫిఫా పట్టికలో వాళ్ళది ఆఖరి స్థానం, 209. కొలంబో వెళ్ళి శ్రీలంకని 1–0తో, థింఫూలో 2–1తో కొట్టారు. థింఫూలో రెండు గోల్సూ చెంచో గ్యెల్‌త్షెన్‌వే. దేశమంతా పండగ చేసుకుంది. తర్వాతి రౌండులో ఖతార్ 15 కొట్టింది, చైనా 12 కొట్టింది. మరి భూటాన్‌వాళ్ళని అడగండి, ఆ 15 వద్దు, ఆ 2–1 కూడా వద్దు, రెండూ తీసేస్తాం అంటే ఒప్పుకుంటారేమో.

శ్రీకాకుళం రోడ్
మధ్యాహ్నం 12.40

నేను యూరప్ మ్యాచ్‌లు రాత్రంతా మేలుకుని చూసే బాపతు, మా ఇంట్లో తిట్లు తినే బాపతు కూడా. పెద్ద జట్టు పది కొట్టాక ఆపెయ్యొచ్చు కదా అని చాలామంది అంటారు. ఆపలేరు. గ్రూపులో పాయింట్లు సమానమైతే యూరప్ క్వాలిఫయర్లలో ముందు చూసేది గోల్స్ తేడా.

మొన్న సెప్టెంబర్‌లో నార్వే మోల్డోవా మీద 11–1 కొట్టింది. వాళ్ళ ఆటగాడు ఎర్లింగ్ హాలండ్ 5, ఆస్గోర్ 4. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. మొన్న ఆదివారం రాత్రి దాని దెబ్బ ఎవరికి తగిలింది? ఇటలీకి. నాలుగుసార్లు వరల్డ్ కప్ గెలిచిన దేశం, సొంత గడ్డ మీద నార్వేని 9 గోల్స్ తేడాతో ఓడిస్తే గాని గ్రూపులో మొదటి స్థానం రాదు. మ్యాచ్ మొదలు కాకముందే అయిపోయింది. చివరికి ఇటలీయే 4–1తో ఓడింది, అది వేరే కథ. మోల్డోవా మీద పడిన ఆ పదో గోల్, పదకొండో గోల్ వెటకారం కాదు బాబూ, బ్యాంకులో వేసుకున్న డబ్బు.

చిన్న జట్టు కూడా ఊరికే పోదు. 1993లో ఇంగ్లండ్‌కి శాన్ మారినో మీద 7 గోల్స్ తేడాతో గెలుపు కావాలి, పైగా వేరే మ్యాచ్ కలిసి రావాలి. ఆట మొదలైన 8.3 సెకన్లకి గోల్ పడింది. కొట్టింది శాన్ మారినో! దావిడే గ్వాల్టియేరి. ఇంగ్లండ్ 7 కొట్టింది, అయినా వరల్డ్ కప్‌కి వెళ్ళలేదు. బొబ్బిలి కంటే తక్కువ జనం ఉన్న దేశం అది. ఆ ఎనిమిది సెకన్ల గురించి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారంటే తప్పేముంది?

చీపురుపల్లి ఎక్స్‌ప్రెస్
మధ్యాహ్నం 12.58

ఇదంతా వదిలేయండి. మన విజయనగరం మహరాజ్‌కుమార్ విజ్జీ గారు 1936లో ఇంగ్లండ్‌కి క్రికెట్ జట్టు తీసుకెళ్ళినప్పుడు...

మోడరేటర్
మధ్యాహ్నం 1.03

క్రికెట్‌కి వేరే గది ఉంది. విజ్జీ గారి మీద అక్కడ ఇప్పటికే 46 పేజీలు కొట్టుకున్నారు. ఇక్కడ వద్దు.

అరసవల్లి అక్క
మధ్యాహ్నం 2.30

అందరూ మగవాళ్ళ మ్యాచ్‌లే చెబుతున్నారు. ఈ ఏడాది జూన్ 23న చియాంగ్ మాయ్‌లో మన అమ్మాయిలు మంగోలియా మీద 13–0 కొట్టారు. ఆసియా కప్ క్వాలిఫయర్. పక్క ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖా 5 గోల్స్. మన నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోతు కూడా కొట్టింది. ఆ రోజు ఇదే వేదికలో ఎంతమంది "పాపం మంగోలియా" అన్నారు? నేను పాత పేజీలు వెనక్కి వెళ్ళి చూశాను. ఒక్కరూ లేరు. గంటస్తంభం తమ్ముడు నాలుగు టపాసుల బొమ్మలు పెట్టాడు.

ఆ 13–0 తర్వాత తిమోర్ మీద 4, ఇరాక్ మీద 5, ఆఖర్న థాయ్‌లాండ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 2–1. సంగీతా బాస్‌ఫోర్ రెండు గోల్స్ కొట్టింది. క్వాలిఫయర్లు ఆడి గెలిచి ఆసియా కప్‌కి వెళ్ళడం మన అమ్మాయిలకి అదే మొదటిసారి. మరి ఆ మంగోలియా మ్యాచ్ అనవసరమా? మా అమ్మాయి ఏడో తరగతి, స్కూల్లో మగపిల్లలతోనే ఆడుతుంది. ఆ మ్యాచ్ ఫోన్‌లో చూస్తూ 9వ గోల్ దగ్గర నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. "అమ్మా, ఆ గోల్‌కీపర్ అక్క ఇంటికెళ్ళాక ఏం చేస్తుంది?" నాకు జవాబు రాలేదు. ఫోన్ తీసుకుని వెళ్ళి పడుకోమన్నాను.

గంటస్తంభం కుర్రోడు
మధ్యాహ్నం 2.41

దొరికిపోయానక్కా. టపాసులు నావే.

పీఈటీ మాస్టారు (రిటైర్డ్)
సాయంత్రం 5.15

నేను 31 ఏళ్ళు పిల్లల చేత ఆడించాను. ఫుట్‌బాల్ తక్కువ, కబడ్డీ, వాలీబాల్ ఎక్కువ. మన జిల్లాల్లో ఫుట్‌బాల్ గ్రౌండు అంటే ఎక్కడుంది? ఉన్నచోట పశువులు మేస్తాయి, లేదా సభ పెడతారు. గోతులు పూడ్చుకునేసరికి సీజన్ అయిపోతుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. పది గోల్స్ అయ్యాక పెద్ద జట్టు ఆట ఆపేసి, బంతిని వాళ్ళలో వాళ్ళే అటూ ఇటూ తోసుకుంటూ నవ్వుకోవడం. దాన్ని జాలి అనుకుంటారు. అవతల పిల్లల మొహాలు నేను దగ్గరనుంచి చూశాను. గోల్ పడితే అంత బాధ ఉండదు. తమని మనుషుల్లో లెక్క వెయ్యకపోతే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆస్ట్రేలియా ఆ రోజు 31 కొట్టడం తప్పని నేననను. ఆఖరి నిమిషం దాకా ఆడారు. అవతలివాళ్ళూ ఆడారు. 86వ నిమిషంలో ఆ అమెరికన్ సమోవా పిల్లలు గోల్ మీదికి ఒక షాట్ కొట్టారు, ఆస్ట్రేలియా కీపర్ ఆపాల్సి వచ్చింది. 29 గోల్స్ తిన్నాక కూడా ముందుకు పరిగెత్తాలనిపించిందంటే ఆ కుర్రాడికి నా దండం.

మనం కూడా తిన్నవాళ్ళమే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనమీద 10–1 కొట్టింది. మనవాళ్ళలో చాలామంది కాళ్ళకి బూట్లు లేవు, ఆ చలిలో. మన హైదరాబాద్ రహీం సాబ్ అప్పుడూ కోచే. ఇంటికొచ్చాక మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో ఆయన జట్టే ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీద 4–2తో కొట్టి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. మన సికింద్రాబాద్ బలరాం కూడా ఆ జట్టులోవాడే. 1952లో ఎవరైనా "మీకు ఇది ఆట కాదు, వేరే పోటీ పెట్టుకోండి" అని ఉంటే?

పలాస జీడిపప్పు
సాయంత్రం 5.31

మాస్టారూ, మీరు ఇలా రాస్తే నేను జోకు వెయ్యలేను. కొంచెం తగ్గించండి.

సరుగుడు పోస్టు
రాత్రి 8.50

రెండేళ్ళ నుంచి చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను, సొంతూరు శ్రీకాకుళం పక్కనే. అరసవల్లి అక్క వాళ్ళ పాప అడిగిన ప్రశ్న చూసి రాయాలనిపించింది, ఎందుకంటే ఆ గోల్‌కీపర్‌ని నేనే. మంగోలియాలో కాదు, మా స్కూల్లో.

తొమ్మిదో తరగతి. మా స్కూల్‌కి ఫుట్‌బాల్ జట్టు లేదు. జోనల్స్‌కి ఒక జట్టు తగ్గిందని మా మాస్టారు కబడ్డీ జట్టునే పంపేశారు. నేను కూతకి పనికిరానని గోలీ చేశారు. అవతల టౌను స్కూలు, అందరికీ బూట్లు. పోస్టులు సరుగుడు కర్రలు, పైన తాడు. నెట్ లేదు.

ఆ గ్రౌండుకి ఒక వైపు వరి మళ్ళు, ఇంకోవైపు స్కూలు ప్రహరీ గోడ. మొదటి హాఫ్‌లో నా వెనక మళ్ళు. గోల్ పడిందంటే బంతి ఎగిరి మడిలో పడేది. తేవలసింది నేనే. మోకాలి లోతు బురద. మొదటిసారి పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. రెండోసారి మా బ్యాక్ ఆడేవాడు, మా పెదనాన్న కొడుకు, దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "ఒరే, మెల్లగా నడువు. నువ్వు మడిలో ఉన్నంతసేపూ గోల్ పడదు." అప్పట్నుంచి నేను బంతి తీసుకుని, దానికంటిన బురద గడ్డితో తుడిచి, గట్టు మీద నుంచి జాగ్రత్తగా నడిచి వచ్చేవాణ్ణి. రిఫరీ ఈల మీద ఈల. ఒకసారి మడి యజమాని కర్ర పట్టుకుని వచ్చి తిట్టాడు, ఆయనతో ఇంకో నిమిషం గడిచింది. హాఫ్ టైమ్‌కి 5–0. మా కబడ్డీ జట్టుకి అది గెలుపే. ఐస్ తిన్నాం.

తర్వాత వైపులు మారాం. వెనక గోడ! గోల్ పడడం, బంతి గోడకి కొట్టుకుని నా కాళ్ళ దగ్గరికే వచ్చెయ్యడం. నడవడానికి చోటే లేదు. రెండో హాఫ్‌లో 9. మొత్తం 14–0.

పాప అడిగిన దానికి జవాబు. ఇంటికెళ్ళాక మా అమ్మ కాళ్ళు కడుక్కోమంది, చద్దన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయ ఇచ్చింది. తిన్నాను. రాత్రి పడుకుంటే కళ్ళు మూసినప్పుడల్లా బంతి కనబడింది. రెండో రోజు పొద్దున్నే మా పెదనాన్న కొడుకూ నేనూ గోడ దగ్గరికెళ్ళి బంతి లేక టెన్నిస్ బాల్‌తో ప్రాక్టీసు చేశాం. చీకటి పడ్డాక గాని ఇంటికి రాలేదు. అంతే.

అరసవల్లి అక్క
రాత్రి 9.05

పాపకి చదివి వినిపించాను. "టెన్నిస్ బాల్‌తో గోలీ ప్రాక్టీసు కష్టం కదా" అంది. ఇంకేమీ అడగలేదు.

శ్రీకాకుళం రోడ్
రాత్రి 9.12

మడిలో మెల్లగా నడవడం! అన్నా, ఈ టెక్నిక్ శాన్ మారినోకి పంపాలి. వాళ్ళకి ఈ మధ్య మంచి రోజులొచ్చాయిలెండి. పోయిన ఏడాది సెప్టెంబర్‌లో లిక్టెన్‌స్టయిన్ మీద 1–0, నవంబర్‌లో వాళ్ళ దేశం వెళ్ళి 3–1. అంతకు ముందు వాళ్ళ చరిత్ర మొత్తంలో గెలిచింది ఒక్కటే, 2004లో.

నాగావళి ఒడ్డు
రాత్రి 9.30

ఆ 31 గోల్స్ తిన్న గోలీ నికీ సలాపు సంగతి చెప్పడం మర్చిపోయాను. పదేళ్ళ తర్వాత, 2011 నవంబర్‌లో, అతనే మళ్ళీ గోల్‌లో నిలబడ్డాడు. వరల్డ్ కప్ క్వాలిఫయర్, పక్క దేశం సమోవా రాజధాని ఆపియాలో, టోంగా మీద. 2–1తో అమెరికన్ సమోవా గెలిచింది. ఫిఫా గుర్తింపు ఉన్న మ్యాచ్‌ల్లో వాళ్ళకి అదే మొదటి గెలుపు. గంటస్తంభం బాబూ, ఇది మీ మావయ్యకి చెప్పు.

ఇక సరుగుడు పోస్టు గారూ, ఒక మాట. ఆ టౌను స్కూలు వాళ్ళ జెర్సీ ఆకుపచ్చా? మడి యజమాని చేతిలో ఉన్నది గొడుగు కర్రా?

సరుగుడు పోస్టు
రాత్రి 9.34

అవును. గొడుగు కర్రే. మీకెలా తెలుసు?

నాగావళి ఒడ్డు
రాత్రి 9.41

ఆ గ్రౌండు మా స్కూల్‌ది. నేను పదో తరగతి. బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసింది నేనే. కాగితం మీద గోల్స్ రాయడానికి 12 గీతలే ఉంటే, మిగతావి వెనక్కి తిప్పి రాశాను. అందుకే ఇంత బాగా గుర్తు.

అది 14 కాదండీ. 15.

పలాస జీడిపప్పు
రాత్రి 9.42

ఓలమ్మో.

సరుగుడు పోస్టు
రాత్రి 9.47

14.

నాగావళి ఒడ్డు
రాత్రి 9.50

మొదటి హాఫ్ 5, రెండో హాఫ్ 10. వెనక వైపు మూడు గీతలు నేనే గీసి నింపాను. రిఫరీ సంతకం పెట్టాడు.

గంటస్తంభం కుర్రోడు
రాత్రి 9.52

మాస్టారూ, మీరున్నారా? మీరు కాదు కదా రిఫరీ?

పీఈటీ మాస్టారు (రిటైర్డ్)
రాత్రి 10.03

కావచ్చు. ఆ రోజుల్లో జోనల్స్‌కి రోజుకి నాలుగు మ్యాచ్‌లు ఊదేవాణ్ణి. కాగితం తెస్తే సంతకం పెట్టేవాణ్ణి, లెక్క చూడలేదు. ఎండ.

సరుగుడు పోస్టు
రాత్రి 10.10

ఆ పదోది ఆఫ్‌సైడ్. కొట్టినవాడు నాకంటే గోడకి దగ్గరగా ఉన్నాడు. మీ బల్ల వేపచెట్టు కింద, మూలన ఉంది నాగావళి గారూ, అక్కడ్నుంచి కనబడదు. నేను చెయ్యి ఎత్తాను, ఈల కూడా వినబడింది. 14.